నా అనుభవం: స్టేషనరీ షాపు లెక్కల్లోకి జీఎస్టీ ఎక్కించిన ఏడాది

ఖమ్మంలో మా మామయ్యది స్టేషనరీ షాపు. నోట్‌బుక్కులు, పెన్నులు, పేపర్ రిమ్ములు, రిజిస్టర్లు, జామెట్రీ బాక్సులు, జూన్ వస్తే స్కూలు పుస్తకాలు. జీఎస్టీ వచ్చిన 2017 నుంచి 2025 మార్చి దాకా మేం చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పద్ధతిలోనే ఉన్నాం. అమ్మకాల మీద 1 శాతం మా జేబులోంచి కట్టేవాళ్ళం. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను మాకు వెనక్కి రాదు. ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై, అంటే పన్ను చూపించని బిల్లు. మూడు నెలలకోసారి లెక్క. మామయ్య రోజూ రాత్రి రాసే చిట్టా పుస్తకం దానికి సరిపోయేది.

ఇద్దరు కస్టమర్ల వల్ల మారాల్సి వచ్చింది. ఒకటి ఊళ్ళోనే ఉన్న కోచింగ్ సెంటర్. నెలనెలా మంచి ఆర్డరు ఇస్తారు, కానీ పన్ను చూపించే బిల్లు కావాలన్నారు. వాళ్ళు మాకు కట్టిన జీఎస్టీని వాళ్ళ లెక్కలో క్రెడిట్‌గా తీసుకోవాలి, అంటే వాళ్ళు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవాలి కదా. రెండోది తిరువూరు వైపు ఒక స్కూలు. తిరువూరు మాకు దగ్గరే, కానీ అది ఆంధ్రప్రదేశ్. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. మామయ్య రెండు రాత్రులు ఆలోచించి, "రెగ్యులర్‌కి పోదాం అమ్మా, లెక్కలు నువ్వు చూసుకుంటానంటేనే" అన్నారు. నేను బీకాం చదివాను. పెళ్ళికి ముందు ఏడాదిన్నర ఒక ఆఫీసులో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద పని చేశాను. కానీ అక్కడ అన్నీ ముందే పెట్టి ఉండేవి, నేను బిల్లులు ఎక్కించడమే. ట్యాలీలో షాపు పేరున ఖాళీ ఖాతా (దాన్ని కంపెనీ అంటారు) తెరిచి మొదటి నుంచి పన్నులు అమర్చడం ఇదే మొదలు.

మార్చిలో లైసెన్స్ కొనకముందే ట్యాలీ ప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్‌లో వారం రోజులు ప్రాక్టీసు చేశాను. అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. నేర్చుకోవడానికి ఆ మాత్రం చాలు. ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే. అసలు కంపెనీలో చెయ్యి పెట్టేముందు ఒక ఉత్తుత్తి కంపెనీ పెట్టి, మీ షాపులో నిజంగా రాసే బిల్లులు ఓ పది అందులో రాసి చూడండి.

ఎఫ్11 నొక్కితే కంపెనీ ఫీచర్లు వస్తాయి. జీఎస్టీకి ఎస్ అని పెట్టగానే రాష్ట్రం, రిజిస్ట్రేషన్ రకం, జీఎస్టీ నంబరు అడుగుతుంది. 15 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తర్వాతి పదీ పాన్. తెలంగాణకి 36, ఆంధ్రాకి 37. ఈ రెండు అంకెల విలువ నాకు మే నెలలో తెలిసింది, చెప్తాను.

తర్వాత పన్ను లెడ్జర్లు, అంటే పన్ను లెక్క పడే ఖాతాలు. రాష్ట్రం లోపల అమ్మితే పన్ను సగం కేంద్రానికి (సీజీఎస్టీ), సగం రాష్ట్రానికి (ఎస్‌జీఎస్టీ). వేరే రాష్ట్రానికి అమ్మితే మొత్తం ఐజీఎస్టీ. నేను చూసిన వీడియోల్లో కొందరు సీజీఎస్టీ 6 శాతానికి ఒకటి, 9 శాతానికి ఒకటి, 2.5 శాతానికి ఒకటి అని విడివిడిగా చేస్తున్నారు. మా ఆడిటర్ గారు వద్దన్నారు. "మూడే మూడు పెట్టమ్మా. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ. లెడ్జర్‌లో శాతం రాయకు. శాతం సరుకుని బట్టి రావాలి, లెడ్జర్‌ని బట్టి కాదు." డ్యూటీస్ అండ్ ట్యాక్సెస్ గ్రూపు కింద ఆ మూడూ చేశాను. పైసలు సర్దడానికి రౌండాఫ్ లెడ్జర్ ఒకటి. అరగంట పని. అంతా అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది.

శాతం సరుకుని బట్టి రావాలంటే ఏ సరుకుకి ఎంతో తెలియాలి. షాపులో సుమారు 600 రకాలున్నాయి. ఒక్కో ఐటమ్‌కి రేటు పెడుతూ కూర్చుంటే రేపు రేటు మారినప్పుడు 600 చోట్ల మార్చాలి. అందుకని స్టాక్ గ్రూపులు చేసి, రేటూ, సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడూ గ్రూపుకే పెట్టాను. గ్రూపుకి పెట్టింది కింద ఉన్న ఐటమ్స్ అన్నిటికీ వర్తిస్తుంది. హోల్‌సేల్ బిల్లులు ముందేసుకుని, వాటి మీదున్న కోడ్‌లు చూసి రాసుకున్నాను. పెన్నులు 9608, 18 శాతం. పెన్సిళ్ళు 9609, అప్పట్లో 12. షార్ప్‌నర్లు 8214, అవీ 12. రబ్బర్లు అప్పుడు 5 శాతం. ఏ4 రిమ్ములు 4802, అప్పుడు 12. అచ్చు పుస్తకాలు 4901, పన్ను లేదు. నోట్‌బుక్కులు 4820, అప్పట్లో 12 శాతం.

ఈ 4820 దగ్గరే తప్పు చేశాను. కోడ్ ఒకటే కాబట్టి రేటూ ఒకటే అనుకుని, 4820 ఉన్నవన్నీ ఒకే గ్రూపులో వేశాను. లాంగ్ నోట్‌బుక్కులు, సైన్స్ రికార్డులు, గ్రాఫ్ పుస్తకాలు, వాటితో పాటే హాజరు రిజిస్టర్లు, క్యాష్ బుక్కులు, రసీదు పుస్తకాలు, డైరీలు. అన్నిటికీ 12.

జూన్‌లో స్కూళ్ళు తెరిచే హడావుడిలో మామయ్య హోల్‌సేల్ బిల్లు ఒకటి చదువుతూ ఆగిపోయారు. "రిజిస్టర్లకి వాళ్ళు 18 వేశారేంటమ్మా, మనం 12 వేస్తున్నాం?" వాళ్ళే తప్పు వేశారేమో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "కాదు. పిల్లలు రాసుకునే పుస్తకం వేరు, ఆఫీసులో లెక్క రాసే పుస్తకం వేరు. ఆ తేడా ఎప్పటినుంచో ఉంది. మేం అరలు కూడా వేరే పెట్టాం." ఆడిటర్ గారిని అడిగితే మామయ్యదే సరైందని తేలింది. నోట్‌బుక్కు, ఎక్సర్‌సైజు బుక్కు, గ్రాఫు బుక్కు, ల్యాబ్ నోట్‌బుక్కుకి అప్పట్లో 12. రిజిస్టర్లు, అకౌంటు పుస్తకాలు, డైరీలకి అదే కోడ్ కింద 18.

అప్పటికి మేం అమ్మిన రిజిస్టర్లు పన్నుతో కలిపి 22,400 రూపాయలవి. 12 శాతం లెక్కన అందులో పన్ను 2,400. 18 లెక్కన 3,416 రూపాయల 95 పైసలు. కస్టమర్ ఇచ్చేసిన డబ్బు అది, మళ్ళీ వెళ్ళి అడగలేం. తేడా 1,016 రూపాయల 95 పైసలు, దాని మీద వడ్డీ మేమే కట్టుకున్నాం. పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ ఏడాదంతా అలాగే పోయి నోటీసు వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నాకు చాలా రోజులు టెన్షన్‌గా ఉండేది. ఆ సాయంత్రమే మామయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, నా గ్రూపుల లిస్టు మొత్తం చదివి వినిపించాను. ఇంకో రెండు చోట్ల ఆయన వేలు పెట్టి చూపించారు. నేను మార్చిలోనే చేయాల్సిన పని అది. సాఫ్ట్‌వేర్ తెలిసింది నాకు, సరుకు తెలిసింది ఆయనకి. ఇద్దరం కలిసి కూర్చుంటే తప్ప ఆ లిస్టు సరిగ్గా రాదు.

మే నెల సంగతికి వస్తాను. మేం నోట్‌బుక్కులు ఎక్కువగా విజయవాడ హోల్‌సేల్‌లో కొంటాం. అవి ఆంధ్రా నుంచి తెలంగాణకి వస్తాయి కాబట్టి అప్పట్లో వాళ్ళ బిల్లులో ఐజీఎస్టీ ఉండేది. నేను ఆ పార్టీ లెడ్జర్ చేసేటప్పుడు రాష్ట్రం దగ్గర తెలంగాణ అని ఉంటే అలాగే ఎంటర్ కొట్టేశాను. దాంతో 12 శాతం కాస్తా సీజీఎస్టీ 6, ఎస్‌జీఎస్టీ 6 అయి కూర్చుంది. మొత్తం ఒకటే కాబట్టి బిల్లు టోటల్ సరిపోయింది, నాకు అనుమానం రాలేదు. మే 14న జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి వచ్చింది. మనకి అమ్మినవాళ్ళు చూపించిన పన్ను అందులో కనిపిస్తుంది. దాన్ని మా లెక్కతో పోల్చి చూస్తే అక్కడ ఐజీఎస్టీ, మా దగ్గర అదే డబ్బు రెండు ముక్కలు.

ఎలాగైనా మొత్తం ఒకటే కదా అనుకోకూడదు. ఐజీఎస్టీ క్రెడిట్‌ని ముందు ఐజీఎస్టీకి, మిగిలింది సీజీఎస్టీకీ ఎస్‌జీఎస్టీకీ వాడుకోవచ్చు. సీజీఎస్టీ క్రెడిట్‌ని మాత్రం ఎస్‌జీఎస్టీ కట్టడానికి వాడకూడదు. తప్పు పెట్టెలో పడితే కట్టాల్సిన చోట డబ్బు ఉండదు. 20వ తేదీ జీఎస్టీఆర్-3బి, అంటే నెల పన్ను లెక్క చూపే రిటర్ను, వేయకముందే దొరికింది కాబట్టి లెడ్జర్‌లో రాష్ట్రం మార్చి, ఏప్రిల్ కొనుగోళ్ళన్నీ మళ్ళీ తెరిచి సరిచేశాను. అప్పటినుంచి కొత్త పార్టీ ఎవరొచ్చినా పేరు కంటే ముందు జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చూస్తాను.

తిరువూరు స్కూలు బిల్లు దగ్గర మామయ్యకీ నాకూ చిన్న వాదన జరిగింది. "వాళ్ళు మన షాపుకొచ్చి, మన గుమ్మం ముందే ఆటోలో వేసుకుని పోతారు. లోకల్ అమ్మకమే కదా?" అన్నారాయన. నాకూ అదే సబబనిపించింది. కానీ 2023 అక్టోబర్ 1 నుంచి రూలు వేరు. ఆ స్కూలు లాగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వాళ్ళకి సరుకు అమ్మినప్పుడు బిల్లు మీద వాళ్ళ అడ్రసు రాస్తే, ఆ అడ్రసు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రానికి అమ్మినట్టే. అడ్రసు రాయకపోతే మన షాపు ఉన్న చోటే అమ్మినట్టు. కౌంటర్ దగ్గర పెన్ను కొనుక్కునే తిరువూరు మనిషికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. స్కూలు పేరూ అడ్రసూ రాసిన బిల్లుకి ఐజీఎస్టీ. స్కూలు లెడ్జర్‌లో ఆంధ్రప్రదేశ్ అని పెట్టాక సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఐజీఎస్టీ తీసుకుంది.

ఇంకో తప్పు మొదటి రోజే, అంటే ఏప్రిల్ 1నే జరిగింది. పెన్నుల పెట్టె 590కి అమ్ముతాం, అందులో పన్ను కలిసే ఉంది. నేను 590ని రేటు గడిలో కొట్టాను. దాని మీద 18 శాతం, 106 రూపాయల 20 పైసలు పడి బిల్లు 696.20 వచ్చింది. కోచింగ్ సెంటర్ అబ్బాయి వెంటనే "అక్కా, ఎప్పుడూ 590 కదా" అన్నాడు. పన్నుతో కలిపిన ధర వేయడానికి వేరే గడి ఉంటుంది, దాన్ని సెట్టింగులో తెరుచుకోవాలి. అందులో 590 కొడితే 500 సరుకు, 45 సీజీఎస్టీ, 45 ఎస్‌జీఎస్టీ అని అదే విడగొట్టింది. చిల్లర అమ్మకం ఉన్న షాపులు ఈ గడి మొదటి రోజే తెరుచుకోవాలి.

కాంపోజిషన్ వదిలిన రోజు దగ్గరున్న సరుకు మీద క్రెడిట్ తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. మార్చి 31 రాత్రి స్టాకు లెక్కపెట్టి, ఏడాది లోపు బిల్లులున్న సరుకుకి ఐటీసీ-01 ఫారం వేశాం. దానికి 30 రోజులే గడువు. క్రెడిట్ 2 లక్షలు దాటితే సిఏ సర్టిఫికెట్ కావాలి, మాది అంత లేదు. ఆ మొత్తాన్ని ఓపెనింగ్ స్టాకు విలువలో కలపకుండా పన్ను లెడ్జర్లలోకి తీసుకోవాలి.

జూలై, ఆగస్టు ప్రశాంతంగా గడిచాయి. సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయాలు వచ్చాయి. 12 శాతం శ్లాబు పోతోంది, 22 నుంచి కొత్త రేట్లు. రాత్రి టీవీ ముందు కూర్చుని మా సరుకు ఒక్కొక్కటీ రాసుకున్నాం. నోట్‌బుక్కులు సున్నా. పెన్సిళ్ళు, క్రేయాన్లు, షార్ప్‌నర్లు సున్నా. రబ్బర్లు సున్నా. జామెట్రీ బాక్సులు 12 నుంచి 5. పెన్నులు 18లోనే ఉన్నాయి. రిజిస్టర్లూ అంతే. ఏ4 రిమ్ము మాత్రం 12 నుంచి 18కి పెరిగింది. మామయ్య ఆ లైను రెండుసార్లు చదివించుకున్నారు. పిల్లల పుస్తకాల మీద పన్ను తీసేసినందుకు ఆయన నిజంగా సంతోషించారు. జూన్‌లో ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, లిస్టులో సగమే కొనుక్కుని వెళ్ళే తల్లుల్ని ఆయన ఎన్నేళ్ళుగానో చూస్తున్నారు.

కానీ షాపువాళ్ళకి ఇందులో ఒక లెక్క ఉంది. సరుకు మీద పన్ను పూర్తిగా పోతే, 21వ తేదీన మన దగ్గర మిగిలిన ఆ సరుకు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇచ్చేయాలి. ఒక పుస్తకం తీసుకోండి. మేం 40కి కొన్నాం, 4.80 పన్ను కట్టి దాన్ని క్రెడిట్ తీసుకున్నాం. అమ్మకం 50, పన్ను 6, మొత్తం 56. మిగిలేది 10. ఇప్పుడు పన్ను లేదు కాబట్టి 50కి అమ్మాలి. క్రెడిట్ వెనక్కి పోయింది కాబట్టి కొన్న ధర 44.80 అయింది. మిగిలేది 5.20. పాత స్టాకు 56కే అమ్మితే ఎవరికి తెలుస్తుందని పక్క షాపాయన ఒకరు అన్నారు. మామయ్య ఆ మాట ఎత్తనివ్వలేదు. "పన్ను పిల్లలకి తగ్గించారు, మనకి కాదు" అన్నారు. 22 ఉదయం నుంచి 50కే అమ్మాం.

21 ఆదివారం, ఎంగిలిపూల బతుకమ్మ. సాయంత్రం గంటసేపు ఆడి వచ్చి షట్టరు సగం దించుకుని లెక్కకి కూర్చున్నాం. బయట పాటలు, లోపల దుమ్ము. కుర్రాడు కట్టలు లెక్కపెట్టి చెప్తుంటే నేను రాసుకున్నాను, మామయ్య ఏ కట్ట ఏ బిల్లులో వచ్చిందో చెప్పారు. నోట్‌బుక్కులు కొన్న విలువ 1,40,000, దాని మీద క్రెడిట్ 16,800. పెన్సిళ్ళు, షార్ప్‌నర్లు 15,000, క్రెడిట్ 1,800. రబ్బర్లు 4,000, క్రెడిట్ 200. మొత్తం 18,800 వెనక్కి. ఫారం ఆడిటర్ గారు వేశారు. రాత్రి పన్నెండు దాటాక ఇంటికెళ్ళాం.

సోమవారం పొద్దున్నే రేట్లు మార్చడానికి కూర్చున్నాను. మొదట పెన్సిళ్ళ గ్రూపు తెరిచి, 12 ఉన్న చోట ఎగ్జంప్ట్ (పన్ను లేదు) అని పెట్టి సేవ్ చేశాను. అప్పుడే కోచింగ్ సెంటర్ నుంచి ఫోను. సెప్టెంబర్ 8 బిల్లు మీద వాళ్ళ ఆర్డరు నంబరు లేదు, వేసి పంపమన్నారు. ఆ బిల్లు తెరిచి, నంబరు వేసి, ఎంటర్లు కొట్టుకుంటూ చివరిదాకా వచ్చి సేవ్ చేశాను. ప్రింటు తీసి చూస్తే మొత్తం 240 తక్కువ. ఆ బిల్లులో 2,000 రూపాయల పెన్సిళ్ళున్నాయి. వాటి మీద పన్ను మాయమైపోయింది. పాత రేటుని నేనే చెరిపేశాను కాబట్టి, 8వ తేదీ బిల్లుకి కూడా కొత్త రేటే దొరికింది.

చేతులు చల్లబడ్డాయి. ఏప్రిల్ నుంచి ఉన్న బిల్లులన్నీ ఇంతే అవుతాయా అని భయం. ముందు రోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి కాస్త ధైర్యం. గ్రూపు మళ్ళీ తెరిచి, ఏప్రిల్ 1 నుంచి 12 శాతం అని పాత రేటుని దాని తేదీతో పెట్టాను. దాని కింద సెప్టెంబర్ 22 నుంచి ఎగ్జంప్ట్ అని కొత్త లైను చేర్చాను. రేటుకి పక్కనే ఎప్పటినుంచి వర్తిస్తుందో తేదీ ఉంటుంది, ఆ తేదీయే ప్రాణం. 8వ తేదీ బిల్లు మళ్ళీ తెరిస్తే 240 తిరిగొచ్చింది. మిగతా గ్రూపులన్నీ అలాగే చేశాను. ఏ ఒక్క పాత రేటునీ చెరపలేదు. తర్వాత సెప్టెంబర్ 20 తేదీతో ఒకటి, 22 తేదీతో ఒకటి ఉత్తుత్తి బిల్లులు రాసి, క్యాలిక్యులేటర్‌తో సరిచూసి తీసేశాను. తొమ్మిదిన్నరకి మామయ్య షట్టరు ఎత్తారు.

ఆ నోట్‌బుక్కుల, రిజిస్టర్ల గ్రూపుల్ని జూన్‌లో విడదీయకపోయి ఉంటే ఏం జరిగేదో ఆ రోజు అర్థమైంది. 4820కి సున్నా అని పెట్టగానే డైరీలు, క్యాష్ బుక్కులు కూడా పన్ను లేకుండా వెళ్ళిపోయేవి. అప్పుడు కట్టిన ఆ వెయ్యి రూపాయలు మమ్మల్ని పెద్ద నష్టం నుంచి కాపాడాయి.

డిసెంబర్‌లో కొత్త సంవత్సరం సరుకు దిగింది. డైరీల అట్టపెట్టెల మధ్య ఒక చిన్న పెట్టె. తేదీలు లేని, గీతలున్న, గట్టి అట్ట పుస్తకాలు. బయట ప్లానర్ అని రాసి ఉంది. మామయ్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇది పిల్లలు రాసుకునేదా, ఆఫీసువాళ్ళు రాసుకునేదా?" అన్నారు. సప్లయరు బిల్లులో ఏం వేశాడో చూశాను. లోపలి పేజీల ఫోటోలు తీసి, బిల్లుతో పాటు ఆడిటర్ గారికి పంపాను. ఆయన జవాబు వచ్చేదాకా ఆ పెట్టె కౌంటర్ కిందే ఉంచాం.